కాలరు మడతలో మైకు

హలో… ఆ, నేనే, యమున టీచర్‌నే. చెప్పు దేవేంద్రా.

…లేదప్పా, పనేమీ లేదు. మదనపల్లెలోనే ఉండాను, ఇంట్లోనే.

…ఆ, నేనే తీసేసినాను. పుంగనూరు ప్రోగ్రాంలో, రెండో పాటకి ముందర. మీ రోజా కాలరు మడతలో మైకు దాచి పంపింది నువ్వేనని పాపే చెప్పింది. అడిగితేనే చెప్పింది. దానికి పాపని ఏమీ అనొద్దు.

…మంచి మైకే, కాదనను. మీ ఆవిడ కుర్చీ కింద స్పీకర్ కూడా పెట్టినావు. బాగా పని చేసింది. అదేనప్పా తంటా. బృందగానం అని పేరు. ముప్పై ఆరుమంది పిల్లోళ్లు నోరు తెరిచినారు, వినబడింది రోజా ఒక్కతే. ముందర కూర్చోనుండే పెద్దాయన నన్నడిగినాడు, మిగతా పిల్లోళ్లకి జలుబా అని.

…నవ్వుతాండావా. నేనూ నవ్వినాను, ఇంటికొచ్చినాక.

…కాదు దేవేంద్రా. నీ టమోటా యార్డు వేరు, ఇది వేరు. ఆడ గట్టిగా అరిచే మండీ కాడికే జనం పోతారు, సరే. క్రేటులో పైవరసకి మంచి కాయలు పేరుస్తారు, అదీ సరే. పిల్లోళ్లని నేను అట్ల పేర్చలేను.

…ముందు వరసా? ముందు వరసలో పొట్టిగా ఉండేవాళ్లు నిలబడతారు. రోజా పొడుగు, మూడో వరస. ఆ పొడుగు నీ పోలికే కదప్పా, నన్నంటే ఎట్ల.

…పాపని చేర్పించేటప్పుడు ఒక కాగితం ఇచ్చినాను, సంతకం పెట్టినావు. చదివినావా?

…ఊఁ. నా దగ్గర ఏడో తరగతిలోనూ అంతే, ప్రశ్న చదవకుండా జవాబు రాసేవాడివి. ఇప్పుడు నేనే చదువుతాను, విను. మంగళవారం, శుక్రవారం ప్రాక్టీసు, బడి వదిలినాక గంట. పెద్దోళ్లు కిటికీ కాడ నిలబడి కూడా పాడకూడదు—

…అవును, మీ అమ్మకి కూడా అదే. అక్కమ్మ గొంతు బాగుంటాది. పిల్లోళ్లు ఆమెనే చూస్తాండారు, నన్ను కాదు. తర్వాత— ప్రాక్టీసుకు ముందు మిరియాల కషాయం తాపొద్దు. గంటసేపు దగ్గితే ఇంక పాట యాడుంటాది? చివరిది. ఏ బిడ్డ గొంతూ వేరుగా వినబడదు. వినబడితే అది మా తప్పు, సరిదిద్దుకుంటాము.

…అచ్చుతప్పు కాదప్పా. అట్లనే రాసినాను.

…ఇంకోటి. నీ మైకు సంగతి తెలిసి నిన్న వరదరాజులు ఫోన్ చేసినాడు. వాళ్ల పిల్లోడు కిరణ్‌కి రెండు మైకులు పెడతాడంట. ఒకటి చెడిపోయినా ఇంకోటి ఉంటాదని.

…ఏమంటివి? మళ్లా చెప్పు.

…మైకు లేకుంటే ఆదివారం కుప్పం ప్రోగ్రాంకి పాపని పంపవు. సరే. అర్థమైంది.

…బెదిరించడం లేదు, ఉండేది చెప్తాండాను. పాటలో కింది స్వరం ఒకటుంటాది. దాన్ని పాడేది ఏడుమంది. మిగతా ఆరుమందీ రోజా పక్కకే చెవి పెట్టుకుని పాడతారు. పాప రాకుంటే ఆ ఆరుమందీ పైస్వరంలోకి ఎగబాకిపోతారు. రోజా ఉండేది ఎవురికీ తెలీదు. లేకుంటే మాత్రం హాలంతా తెలుస్తాది.

…పాపనడిగినావా?

…తినలేదా. నిన్నట్నుంచా.

…ఊఁ.

…ఏమంటివి… బిడ్డ గొంతు ఒక్కటే వినాలని తండ్రికుండే ఆశ నాకేం తెలుసు అంటావా.

…ఉండు. క్షమించమనేదేమీ వద్దు. నువ్వు అది మనసులో పెట్టుకుని అనలేదు.

…తెలుసప్పా. మా బిడ్డ రేఖ పోయి ఎనిమిది నెలలు. ఆ పొద్దు నువ్వూ వచ్చినావు, షామియానా కింద నిలబడినావు. చిన్నప్పుడు అది ఇదే బృందంలో పాడింది, రెండో వరసలో, నాలుగేండ్లు. పదకొండు రికార్డింగులు ఉండాయి నా దగ్గర. చెవుల్లో పెట్టుకుని వింటాండాను. ముప్పైమంది పాడతారు. అందులో రేఖ ఉండాది. ఏ గొంతు రేఖదో తెలుసుకోలేకపోతాండాను.

…అంత బాగా నేర్పించినాను.

…

…ఉండానప్పా, లైన్లోనే ఉండాను.

…నువ్వడిగేది తప్పని నేను చెప్పను. అడిగే చోటు అది కాదు. కుప్పంలో అది ముప్పై ఆరుమంది పాట. ఇంట్లో రోజాది. నాకు ఇంట్లో వినేదానికి ఇరవై ఏండ్లు దొరికినాయి. రేఖ వంటింట్లో పాడతాంటే, పాలు పొంగిపోతాండాయి సూడు అనేదాన్ని.

…పంపిస్తావా.

…సంతోషం. ఏడింటికి బస్టాండు కాడ. యూనిఫాం చాలు, కొత్త బట్టలొద్దు.

…అప్పుడే చెప్పేసినావా పాపకి. అన్నం పెట్టమను ముందు.

…ఉండు దేవేంద్రా, కట్ చేయొద్దు. ఆ ఎనక పాడతాండేది రోజానేనా?

…తినేదానికి కంచం కడుక్కుంటా పాడతాండాదా.

…పిలవొద్దు. పిలిస్తే ఆపేస్తాది. మీ ఆవిడ ఫోన్ ఉంటే అందులో రికార్డు నొక్కు. …ఆ, ఇప్పుడే. ఈ ఫోన్ పాప పక్కన గూట్లో పెట్టేసి నువ్వు మెల్లిగా బయటికి వచ్చేయ్.

…

…ఊఁ. వినబడతాండాది. పెట్టేసి పో.

…

…