కొండని లాగిన టైరు

ఆ రోజు వగిమాన్‌ని కాపాడగలిగింది అతని నోరు ఒక్కటే. ఇన్నేళ్లుగా కాపాడుతూ వచ్చిందీ అదే కాబట్టి అతనేమీ పెద్దగా బెంగపడలేదు.

దియెంగ్ కొండల్లో కర్సారి కూడలి దగ్గర బాడుగ బైకుల స్టాండు ఉంది. ఒజెక్ అంటారు. వెనక మనిషిని ఎక్కించుకుని మలుపులన్నీ దింపి కింద వొనొసోబో పట్నంలో వదిలిపెట్టడం వాళ్ల పని. స్టాండు పెద్ద తుగియో ఈ ఏడు ఒక తీర్మానం చేశాడు. వానలు పడేలోపు అరిగిపోయిన వెనక టైరు ప్రతివాడూ మార్చాలి. మార్చనివాడు స్టాండువాళ్ల నీలం కోటు విప్పి మేకుకి తగిలించి ఇంటికి పోవాలి. అందరూ మార్చారు. మిగిలింది వగిమాన్ ఒక్కడే. వయసులో అందరికంటే పెద్దవాడు, అందుకే స్టాండంతా అతన్ని పెదనాన్న అన్నట్టు 'పాక్‌దే' అని పిలుస్తుంది.

నిజానికి ఆ కుర్రాళ్లందరికీ మొదటి టైరు ఎంచిపెట్టింది వగిమానే. వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పనసలాంటి దూరియన్ పండుని ఎంచినట్టు ఎంచేవాడు. మరి తన టైరు కోసం కిందటి వారం పట్నం వెళ్లి ఒకటి తీసి తడితే, కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడు కొట్టంతా వినేలా నవ్వాడు. "తాతా, అది టైరు, దూరియన్ కాదు" అన్నాడు. బేరానికి వచ్చినవాళ్లంతా నవ్వారు. వగిమాన్‌కి ఒళ్లు మండిపోయింది. ఏమీ కొనకుండా తిరిగొచ్చేశాడు. వచ్చి, కొడవలి కొన పొయ్యిలో ఎర్రగా కాల్చి, అరిగి నున్నగా అయిపోయిన పాత టైరు మీద తనే కొత్త గీతలు చెక్కాడు. నమూనాకి వాళ్లావిడ కట్టుకునే లుంగీ మీది బాతిక్ అద్దకం పువ్వుల్ని ఎదురుగా పెట్టుకున్నాడు. పైన బూటు పాలిష్ రుద్దాడు. ఇలాంటి చెక్కుడు టైరుని ఆ కొండల్లో పసిపిల్లాడు కూడా చూడగానే గుర్తుపడతాడు. ఆ సంగతి వగిమాన్‌కి తెలియక కాదు. అయినా సరే, ఎవడో కౌంటరు కుర్రాడికి భయపడి టైరు కొనే ప్రసక్తే లేదు.

పొద్దున్నే స్టాండు పక్కన రసినెం కాఫీ కొట్టు ముందు బండి ఆపాడు. రసినెం వేడి వేడి సోయా తెంపె బజ్జీలు తీస్తోంది. తుగియో బజ్జీ నోట్లో పెట్టుకుని వచ్చి వెనక చక్రం ముందు గొంతుక్కూచున్నాడు.

"పాక్‌దే, ఇది కొత్తదేనా?"

"కళ్లు లేవేంట్రా? నిగనిగలాడుతోంటే కనబడట్లా?"

"నిగనిగ బాగానే ఉంది. బూటు పాలిష్ వాసన కూడా వస్తోంది."

"వస్తుంది మరి! మర్యాదస్తుల టైరు, ఇల్లు కదిలేముందు ముస్తాబవుతుంది. ముందు కాఫీ తేవే రసినెం. ఈ టైరు ఎలా దొరికిందో చెప్తే వీళ్ల టైర్లు వీళ్లే పీకి లోయలో పారేసుకుంటారు."

అంజర్ అనే నోటి దురుసు కుర్రాడు బల్ల మీద జరిగి చోటిచ్చాడు. వగిమాన్ కూర్చోలేదు. నిలబడితేనే అతనికి మాట సాగుతుంది.

"పట్నం వెళ్లానా, పెద్ద కొట్టు, లోపలికి అడుగుపెట్టానా, నన్ను చూసీ చూడగానే కౌంటరువాడు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. నేను కూర్చుంటానా? ఒక్కొక్క టైరూ తీసి తట్టడం మొదలుపెట్టా. ఒకటి పుచ్చు. ఒకటి పచ్చి. ఒకటి తడితే దగ్గింది, దానికి జలుబు. 'అయ్యా, ఇది విదేశాల సరుకు' అన్నాడు వాడు. 'విదేశాలదైతే ఏంట్రా, వానలో జారి పడేది మా ఊరి బురదలోనేగా' అన్నా. వాడికి కళ్లంట నీళ్లు తిరిగాయి. 'అయ్యా, ఇన్నేళ్లుగా అమ్ముతున్నా, టైరుని తట్టాలని మాకెవ్వరూ చెప్పలేదయ్యా' అని నా చేతులు పట్టుకున్నాడు."

'నా చేతులు పట్టుకున్నాడు' అన్నచోట వగిమాన్ గొంతు కాస్త పెరిగింది. ఆ ఒక్క ముక్కా అతను మళ్లీ చెప్పాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొట్లో ఉన్నవాళ్లంతా లైను కట్టారు. మాది కూడా తట్టండి, మాది కూడా తట్టండి అని. కార్లవాళ్లు వచ్చారు. బస్సులవాళ్లు వచ్చారు. ఆఖరికి ఒక విమానం డ్రైవరు వచ్చాడు, విమానం చక్రం పట్టుకుని."

"వొనొసోబోలో విమానాలు దిగవు కదా పాక్‌దే!" అన్నాడు అంజర్.

"అందుకేగా, పాపం, చక్రం నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిచొచ్చాడు! మధ్యలో అడ్డం రాకు. అందరివీ తట్టి పంపించా గానీ నాకు కావాల్సింది మాత్రం దొరకలా. ఇంక లాభం లేదని బయటికి నడిచానా, వెనకాల భుజం మీద ఎవరో టక్ టక్ మని తట్టారు. తిరిగి చూస్తే ఎవరు? ఇదే. ఈ టైరే. కొట్టు వెనక చీకటిగదిలోంచి తనంతట తను దొర్లుకుంటూ వచ్చి, నేను తట్టేలోపే నన్నే తట్టింది!"

కాఫీ తాగుతున్న ఎవడికో పొలమారింది. తుగియో మాత్రం చక్రం దగ్గరనుంచి లేవలేదు.

"సరే, కొత్త టైరంటే ఒంటినిండా సన్న రబ్బరు వెంట్రుకలు ఉంటాయి కదా. దీనికి ఒక్కటీ లేదేం?"

"ఎందుకుంటాయి? మంగలి షాపుకి తీసుకెళ్లి క్షవరం చేయించా. జుట్టు పెంచుకుని తిరిగే టైరు మీద మా ఇంటి ఆడవాళ్లు ఎక్కరు."

"మరి ఈ గీతలు? మీ ఆవిడ లుంగీ మీది పువ్వుల్లాగే ఉన్నాయి."

"అదా! అది జపాన్ ఇంజనీరు చేసిన దొంగతనం!" అని వగిమాన్ తొడ చరిచాడు. "వాన ఆగగానే మా ఆవిడ దండెం మీద లుంగీ ఆరేసింది. ఆ ఇంజనీరు ఆ దారినే పోతూ, ఆ పువ్వుల మీద నీటిచుక్క ఒక్కటి నిలవకపోవడం చూశాడు. అంతే, కాగితం తీసి గీసుకున్నాడు. కావాలంటే వెళ్లి మా ఆవిడని అడుగు. కానీ ఇప్పుడు కోపంగా ఉంది, సాయంత్రం అడుగు."

ఈసారి తుగియోకి కూడా నవ్వాగలేదు. ఆ నవ్వు చూడగానే వగిమాన్‌కి ఊపు వచ్చింది. ఇంక అతని నోటికి బ్రేకులు లేవు.

"టైరు బిగించుకుని కొండెక్కుతున్నా. పొగమంచు చూస్తే చెంచాతో తీసుకుని తినేలా ఉంది. దారిలో పెట్రోలు అయిపోయింది. ఆగిందనుకున్నారా? ఇంజనుది ఇంజనుదే, టైరుది టైరుదే! రోడ్డుని పట్టుకుని ఒక్కొక్క పట్టూ బల్లి గోడెక్కినట్టు ఎక్కుతోంది. నేను హాయిగా సిగరెట్టు ముట్టించుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైనుంచి అరుపులు. చూస్తే బంగాళదుంపల లారీ. బ్రేకులు పోయాయి. డ్రైవరు తెల్లమొహం వేసుకుని దేవుణ్ణి పిలుస్తున్నాడు. నన్ను చూడగానే దేవుణ్ణి పిలవడం ఆపేసి 'పాక్‌దే' అని పిలిచాడు."

"అపచారం!" అంది రసినెం బజ్జీలు తిరగేస్తూ.

"నేనూ అదే అన్నా. 'ముందు ఆయన్నే పిలువు, ఆయన ఖాళీ లేకపోతే నేనొస్తా' అన్నా. బండి తిప్పా. లారీకి ముందుకి వెళ్లా. నా లుంగీ విప్పి ఒక కొస లారీకి, ఒక కొస నా బండికి కట్టా."

"మరి మీ ఒంటి మీద?"

"పొగమంచు ఉందన్నాగా! వెనక బ్రేకు తొక్కా. తొక్కానా, టైరు రోడ్డుని పట్టుకుంది, విడిచిపెట్టదు. లారీ తోస్తోంది, టైరు విడవదు. ఇంక పాపం రోడ్డు ఏం చేస్తుంది? పరిచిన చాపని మంచం కిందికి తోస్తే ముడతలు పడ్డట్టు ముడత పడింది. టీ తోట మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా గట్టు ఉందా లేదా?"

"అది స్పీడ్ బ్రేకరు పాక్‌దే. పంచాయతీవాళ్లు వేశారు."

"పంచాయతీవాళ్లు వేసింది దాని మీది తెల్లరంగు! గట్టు వేసింది నేను! కాదన్న మొగాణ్ణి రమ్మను!"

రమ్మన్నా ఎవడూ రాలేదు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అసలీ టైరు చెల్లుతుందా చెల్లదా అన్న మాట అందరికీ మరుపున పడిపోయింది. వగిమాన్ ఓరకంట తుగియోని చూస్తున్నాడు. ఇంకొక్క తోపు తోస్తే కోటు తన ఒంటి మీదే ఉంటుందని అర్థమైంది.

"అయినా లారీ ఆగలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు ముడత పడటం అయిపోయింది, ఇంక పడటానికి రోడ్డు లేదు. అప్పుడు కదిలింది కొండ. కోతలు కాదు, నిజంగా కొండే. ఇళ్లూ, పొలాలూ, మేకలూ, ఈ రసినెం కొట్టూ, అన్నీ నా టైరు వెనకాల జరజరమని కిందికి వచ్చాయి. కావాలంటే మీరే చెప్పండి. చిన్నప్పుడు పొద్దున లేస్తే మబ్బులు మన కాళ్ల కింద ఉండేవా లేదా? ఇవాళ నెత్తి మీద ఎందుకున్నాయి?"

అందరూ తలెత్తి చూశారు. నిజంగానే మబ్బులు నెత్తి మీద ఉన్నాయి. నల్లగా ఉన్నాయి.

"లారీలో ఒక్క దుంప దొర్లితే ఒట్టు," అని ముగించి వగిమాన్ చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. "ఇప్పుడు చెప్పండ్రా. ఇలాంటి టైరు విప్పి, ఏ కౌంటరు కుర్రాడో సైజు అంకెలు చదివి చేతిలో పెట్టినదాన్ని బిగించుకోమంటారా? నా టైరు నేను ఎంచుకుంటా. నాకు చెప్పేవాడు ఈ కొండ మీద ఇంకా పుట్టలా!"

తుగియో లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. అంత పెద్దమనిషి ఒంటి మీంచి అందరి ముందూ కోటు విప్పించడం వాడికీ చేత కాలేదు. నవ్వినవాడికి ఇంక గదమాయించే మొహం ఎక్కడుంటుంది? "సరే పాక్‌దే, ఈ వారానికి చూసీ చూడనట్టు పోదాం. తర్వాతి సవారీ మీదే" అన్నాడు.

వగిమాన్ ఛాతీ ఉబ్బింది. బండి మీది మంచు తడి జేబురుమాలుతో తుడుచుకున్నాడు. గెలిచాడు. నోటితో గెలిచాడు, అదే అసలైన గెలుపు.

అప్పుడే కొట్టు వెనకగదిలోంచి రసినెం కూతురు వార్సిని వచ్చింది. నిండు నెలలు. ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో హెల్మెట్ పట్టుకుని మెల్లిగా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. కింద మంత్రసానమ్మ దగ్గర చూపించుకునే రోజు. పైన మబ్బు ఉరిమింది, రేకుల మీద పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి.

"తర్వాతి సవారీ నీదే కదన్నా," అంది రసినెం చేతులు తుడుచుకుంటూ. "అమ్మాయిని జాగ్రత్తగా దింపు."

"ఓ, దానికేం!" అని వగిమాన్ బండి స్టాండు తీశాడు.

వార్సిని అతని భుజం మీద చెయ్యి వేసి కాలెత్తబోయింది. ఆ చెయ్యి బరువుగా ఉంది. వగిమాన్ వెనక్కి తిరిగాడు. పిల్ల మొహం చూశాడు, పొట్ట చూశాడు, తడుస్తున్న రోడ్డు చూశాడు. చక్రం మీద ఒక పువ్వు దగ్గర, ఆ రోజు చెక్కేటప్పుడు, కొడవలి కాస్త లోతుకి దిగింది. అక్కడ టైరు లోపలి తెల్ల దారాలు బయటపడ్డాయి. బూటు పాలిష్ ఎక్కువ పట్టింది ఆ చోటే. వాన నీటికి ఆ నలుపు కారిపోతోంది.

"ఎక్కకు," అన్నాడు.

"ఏం పాక్‌దే?" అంది వార్సిని.

"ఎక్కొద్దన్నానా! తుగియో బండి మీద వెళ్లు."

"అదేంటి!" అంజర్ బల్ల మీంచి లేచాడు. "కొండని లాగిన టైరుకి వార్సిని బరువా? ఈ పిల్ల దుంపల లారీ కంటే ఎక్కువా?"

స్టాండంతా గొల్లుమంది. వగిమాన్ కళ్లెర్రజేశాడు.

"నోర్ముయ్! కొండ వేరు, ఈ పిల్ల వేరు! కొండ పడితే పడుతుంది. ఇక్కడ రెండు ప్రాణాలురా, రెండు! తమాషానా?"

ఆ గొంతులో కోత లేదు. తుగియో బండి తీయడానికి వెళ్లాడు. రసినెం మాత్రం కదల్లేదు. ఆమె ఇందాకటినుంచి నవ్వనూ లేదు, ఇప్పుడు కోప్పడనూ లేదు. చేతిలో గుడ్డ పట్టుకుని వగిమాన్‌నే చూస్తూ అడిగింది.

"నిన్న ఇలాంటి వానలోనే నన్ను సంతకి దింపావు కదన్నా, ఇదే బండి మీద. నాది ఒక్కటే ప్రాణమని లెక్కలోకి రాలేదా?"



వగిమాన్ బండికి స్టాండు వేశాడు. వానలోనే నిలబడి కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చి, మేకుకి తగిలించాడు. తుగియోకి మనసొప్పలేదు. "ఉండనివ్వండి పాక్‌దే, రేపు మార్చుకుందురు గాని. మనవాళ్లం మనలో మనకేంటి?" అన్నాడు.

వగిమాన్ వాడి మీదికి గయ్‌మని లేచాడు.

"స్టాండు పెద్దవి నువ్వా, మీ తాతా? మార్చనివాడు కోటు తగిలించి పోవాలని తీర్మానం చేసి, వాడు నాలుగు కోతలు కోస్తే నవ్వి వదిలేస్తావా? సిగ్గు లేదూ?"