వెనక తలుపు కాటా

కాలనీ చివర చెత్త వేరు చేసే రేకుల షెడ్డు. శుక్రవారం ఉదయం. లోపల అక్కడ పనిచేసే వదినా మరదళ్లిద్దరూ ఉన్నారు. గుమ్మం బయట కాలనీ కమిటీ అధ్యక్షుడు, రిటైరైన లెక్కల మాస్టారు నిలబడ్డాడు. లోపలికి రావడం ఆయనకు ఇష్టం లేదు. రాలేదని వాళ్లకు బెంగా లేదు.

"ఆ రుమాలు తీసి మాట్లాడండి మాస్టారూ. సగం మాట మీ ముక్కులోనే ఉండిపోతోంది."

"తియ్యను. ఏమిటమ్మాయ్ ఈ కంపు, ఇవాళ మరీ ఇంత ఘోరంగా ఉంది? పదిన్నరకల్లా మున్సిపాలిటీ వాళ్లు వస్తున్నారని చెప్పానా లేదా?"

"చెప్పారు. మొన్న చెప్పారు, నిన్న చెప్పారు, ఇందాక మైకులో కూడా చెప్పించారు. లోపలికి రండి, ఎంతసేపని నిలబడతారు. వదినా, ఆ స్టూలు ఇటియ్యి."

"ఇవ్వడానికేం, ఇస్తాను. ఆయన కూర్చుంటారా? పోయినసారి దాని మీద పేపరు పరిచి, పేపరు మీద రుమాలు పరిచి, ఆఖరికి నిలబడే వెళ్లారు."

"మీ వదినకి నోరెక్కువ."

"చేతికి కట్టు ఉంది కదండీ. పాపం, పనిచేసేది నోరొక్కటే."

"సర్లే, విను. వాళ్లొచ్చేసరికి ఇద్దరూ ఈ కొత్త ఏప్రాన్లు వేసుకోవాలి. గ్లౌజులు తొడుక్కోవాలి. ఇదిగో, సంచిలో పెట్టి తెచ్చాను. వాళ్లు వెళ్లగానే తిరిగి ఇచ్చెయ్యాలి."

"తిరిగి ఇవ్వాలా?"

"మడత నలగకుండా. కమిటీ సామానది."

"బావుంది. చేతులు మావి, గ్లౌజులు కమిటీవి. గంటసేపు అరువు నగలు పెట్టుకున్నట్టు."

"వెటకారం వద్దు. ఈ బోర్డు వస్తే కాలనీకి ఎంత పేరో నీకు తెలుసా? 'ఆదర్శ కాలనీ'. ఊరు మొత్తానికి ఒక్కటే ఇస్తారు. గేటు పక్కన దిమ్మ కూడా కట్టించేశాను."

"బోర్డు రాకముందే దిమ్మా?"

"రాక ఎక్కడికి పోతుంది? వందకి తొంభై ఏడు మార్కులమ్మాయ్ మనకి. ముప్పై నాలుగేళ్లు పిల్లల పేపర్లు దిద్దాను. తొంభై ఏడు ఎంతమందికి వేశానో వేళ్ల మీద లెక్కపెట్టచ్చు."

"ఇప్పుడు ఎవరికి వేశారు?"

"ఎవరికేమిటి, కాలనీకి. ఇళ్లవాళ్లకి. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో, ఎవరింట్లో వాళ్లు వేరు చేసి ఇస్తున్నందుకు. వెనక తలుపు దగ్గర కాటా పెట్టి ప్రతి బస్తా నేనే తూచాను. వంద కిలోలు పంపితే, పాత సామాను కొనే మిల్లువాడు పనికిరాదని వెనక్కి కొట్టింది మూడే. మిగిలింది తొంభై ఏడు. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది?"

"వెనక తలుపు దగ్గరా?"

"ఆ."

"బస్తాలు బయటికి పోయే తలుపు."

"ఆ, ఆ. అయితే?"

"ముందు తలుపు దగ్గర ఎప్పుడైనా పెట్టారా కాటా? బండి వచ్చి కుమ్మరించే చోట?"

"అక్కడ... అక్కడ మనుషులు ఎలా నిలబడతారు?"

"మేం నిలబడతాం."

"మీ సంగతి వేరు."

"నేనూ అదే అంటున్నా. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య మేమిద్దరం ఉన్నాం మాస్టారూ. పదకొండేళ్ల నుంచి. ఆ తొంభై ఏడు మా మార్కులు. పరీక్ష మేం రాస్తే పాసయింది వాళ్లా? లెక్కల మాస్టారై ఉండి ఇలా పప్పులో కాలేశారేమిటి?"

"మాట జాగ్రత్త. ఏదో నాలుగు కాగితాలు అటూ ఇటూ అయితే మీరు సర్దుతారేమో. అంతమాత్రానికి..."

"నాలుగు కాగితాలట వదినా."

"విన్నాను. నన్ను నవ్వించకు, కుట్లు లాగుతాయి."

"నవ్వండి, నవ్వండి. ఈ కాలనీ కోసం నేను పడ్డ పాట్లు మీకేం తెలుస్తాయి? ఎన్ని సభలు పెట్టాను, తెర కట్టి బొమ్మలు వేసి ఎన్ని పాఠాలు చెప్పాను. డబ్బాల రంగు ఖాయం చెయ్యడానికే మూడు మీటింగులు పట్టింది. ముదురు నీలమా, లేత నీలమా అని కొట్టుకు చచ్చారు. బాగా చేసిన ఇళ్ల గుమ్మాలకి నక్షత్రాలు కూడా అంటించాను."

"అంటించారు. మూడో వీధి మూల మేడకి మూడు నక్షత్రాలు. ఆ ఇంటి నుంచి చంటిపిల్ల డైపర్లు రోజూ దినపత్రికలో చక్కగా చుట్టి వస్తాయి. పైనున్నది పేపరే కదా అని నీలం డబ్బాలో."

"ఆవిడ అంతే. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. ఒక్క ఇల్లు."

"వాళ్ల ఎదురింటివాళ్లు కొత్త డబ్బాలు ముచ్చటగా ఉన్నాయని వాటిలో చెప్పులు పెట్టుకుంటున్నారు. చెత్త మామూలుగా ఒకే కవర్లో వస్తుంది."

"రెండిళ్లు."

"డాక్టరుగారు సూదులు పాల ప్యాకెట్లో దూర్చి పంపుతారు."

"డాక్టరుగారి పేరెత్తకు. పెద్దమనిషి."

"పెద్దమనిషి సూదులైతే గుచ్చుకోవా మాస్టారూ? పాల ప్యాకెట్లంటే గుర్తొచ్చింది. కడిగి ఇమ్మని చెప్పారు మీరు. కడిగారు, కాదనను. కడిగి, నీళ్లోడుతున్న ప్యాకెట్లని తీసుకెళ్లి పాత పేపర్ల మీద పడేశారు. పేపరంతా ముద్ద. ఆ ముద్దని పొరపొరా విడదీసి ఆరేసింది ఎవరు? పోనీ, అదీ వదిలెయ్యండి. సీసాలతో పువ్వులు చేసే పోటీ పెట్టారే..."

"ఆ ఫొటోలు పేపర్లో పడ్డాయి."

"ఫొటోలు పేపర్లో పడ్డాయి, పువ్వులు మా మీద పడ్డాయి. మర్నాడే. ఇంట్లో ఖాళీ సీసాలు లేనివాళ్లు కొత్తవి కొని, నీళ్లు పారబోసి మరీ చేశారు. జిగురు, మెరుపు కాగితం, ఇనప తీగ. సీసా సీసాలా వస్తే మిల్లువాడు తీసుకుంటాడు. పువ్వులా వస్తే ఎవడూ ముట్టుకోడు. రెండు రోజులు కూర్చుని రేకులు పీకాం, రెండొందల డెబ్భై పువ్వులకి."

"పీకితే పీకారు. మీ పనే అది కదా."

"మా పనే అది. అందుకే ఆ మార్కులు..."

"మళ్లీ మొదటికి రాకు."

"రాను. ఒక్క మాట చెప్తాను, ఇది వెటకారం కాదు. నిజంగా బాగుపడాలనుంటే సభలొద్దు, నక్షత్రాలొద్దు. ఆదివారం ఆదివారం నలుగురు ఇళ్లవాళ్లని ఇక్కడికి తీసుకురండి. గంటసేపు ముందు తలుపు దగ్గర కూర్చోబెట్టండి. వాళ్ల బండి వాళ్ల ముందే కుమ్మరిద్దాం. నెల తిరిగేసరికి సగం దారికొస్తుంది."

"డాక్టరుగార్ని, ఇంజనీరుగార్ని తీసుకొచ్చి చెత్త ముందు కూర్చోబెట్టనా? మతుండే మాట్లాడుతున్నావా?"

"వాళ్ల చెత్తేగా."

"నీకు చెప్పినా అర్థం కాదు. జనంలో చైతన్యం ఊరికే రాదు, నెమ్మదిగా వస్తుంది. వచ్చింది కూడా. ఈ వారమే చూడు, శనివారం లారీ రాకముందే నలభై ఆరు బస్తాలు. ఎప్పుడైనా ముప్పై దాటిందా?"

"దాటలేదు. నేనూ చూశాను."

"మరి? సరే, ఆ నేల ఓసారి తుడవండి. ఆ బోర్లించిన పాత గంపలు కనపడకుండా పక్కకి లాగండి. వాళ్లు వెళ్లాక, వచ్చే నెల సంగతి ఒకసారి మాట్లాడుకుందాం."

"వచ్చే నెల ఏముంది?"

"ఏం లేదు. మామూలే. చిన్న చిన్న మార్పులు. ఏ కార్యక్రమమైనా మెరుగుపడుతూ ఉండాలి కదా."

"ఏం మెరుగు?"

"తర్వాత చెప్తానన్నానుగా."

"ఇప్పుడే చెప్పండి. ఇంకా అరగంట ఉంది."

"అబ్బ, ఇప్పుడు కాదన్నానా."

"షటిల్ కోర్టు నిలువుగా కడతారా, అడ్డంగా కడతారా?"

"ఏ షటిల్ కోర్టు?"

"ఈ షెడ్డు పడగొట్టి కట్టేది."

"ఎవరు... ఎవరు చెప్పారు నీకు?"

"మీరే."

"నేనా?"

"సోమవారం. మీ ఇంటి ఆకుపచ్చ డబ్బాలో. టీ పిప్పి కింద, దోసకాయ చెక్కు కింద. తీర్మానం చిత్తుప్రతి, మీ చేతిరాతే. 'ఇళ్లవద్దే చెత్త నూటికి తొంభై ఏడు వంతులు వేరవుతున్నందున షెడ్డూ, అందులోని ఇద్దరు పనివారూ ఇక అనవసరం' అని. కాగితం తడి చెత్తలో వెయ్యకూడదని పాఠం చెప్పింది కూడా మీరే."

"నీకు చదువొచ్చా?"

"పదకొండేళ్లుగా ఈ కాలనీ పేపర్లన్నీ చదువుతున్నా. ఒకరోజు ఆలస్యంగా, అంతే. 'అనవసరం' అన్నచోట ఏడ్చాను మాస్టారూ. ఎందుకు దాచాలి, వెక్కి వెక్కి ఏడ్చాను. మా అన్న మంచాన పడి ఏడాదయింది. వదిన చెయ్యి అలా ఉంది. ఈ షెడ్డు ఎత్తేస్తే రెండిళ్లలోనూ పొయ్యి వెలగదు. అదంతా ఒక్క మాటలో తేల్చేశారు. ఏడుపయ్యాక ఒళ్లు మండింది."

"చూడమ్మాయ్, ఇందులో మీ మీద కోపం ఏమీ లేదు. లెక్క అలా వచ్చింది, నేనేం చెయ్యను. నీకు పార్కులో ఆకులు ఊడ్చే పని చూద్దామని కమిటీలో అన్నది నేనే."

"నాకు. మరి వదినకో?"

"చెయ్యి బాగోలేని మనిషి ఏం ఊడుస్తుంది?"

"ఎందుకు బాగోలేదో అడగరేం?"

"పనిలో జాగ్రత్తగా ఉండాలి మరి."

"నేను చెప్తాను మాస్టారూ, చెయ్యి నాది కదా. వారపత్రికల కట్ట, పైన దారంతో ముడి. ఎంత ఒద్దికగా కట్టారో అనుకుంటూ విప్పాను. మధ్యలో పగిలిన గాజు జగ్గు. నక్షత్రం ఉన్న ఇల్లే."

"వదినకి కుట్లు పడ్డ రోజే మీకు అర్జీ రాశాం. గ్లౌజులు ఇప్పించండి, గాజు విడిగా ఇమ్మని ఇళ్లవాళ్లకి చెప్పండి అని. నేనే రాశాను."

"నాకే అర్జీ అందలేదు."

"అందింది. నాలుగో రోజున కవరు కూడా చింపకుండా తిరిగి మాకే అందింది. అది మాత్రం సరిగ్గా నీలం డబ్బాలోనే వేశారు."

"కమిటీకి రోజుకి ఎన్నో కాగితాలు వస్తుంటాయి..."

"తెలుసు. అన్నీ ఇక్కడికే వస్తాయి."

"అయితే ఇప్పుడేం చేద్దామని? వాళ్ల ముందు రభస చేస్తావా? ముందే చెప్తున్నా, నీ మాట ఎవరూ నమ్మరు. నా దగ్గర పుస్తకం నిండా అంకెలున్నాయి."

"రభస ఎందుకు. మేం నోరే ఎత్తం."

"ఎత్తాలి. ఒక్క ముక్క చెప్పాలి. ఇక్కడ మీరు మళ్లీ ఏమైనా వేరు చేస్తారా అని వాళ్లు అడుగుతారు. లేదండీ, వచ్చింది వచ్చినట్టే బస్తాకెత్తుతాం అనాలి. అంతే."

"అంతేనా?"

"అంతే. అంటావా?"

"అంటాను."

"నిజంగా?"

"ఒట్టు."

"మీ వదినో?"

"నేనూ అంటాను మాస్టారూ. వాళ్లకి బాగా వినపడేట్టు అంటాను."

"హమ్మయ్య. చూశావా, నెమ్మదిగా చెప్తే ఎవరైనా వింటారు. నేనేదో అనుకున్నాను గానీ మీరు మంచివాళ్లే. ఇద్దరికీ చెరో ప్రశంసాపత్రం ఇప్పిస్తాను, కమిటీ ముద్ర వేసి."

"దాన్ని ఏ డబ్బాలో వెయ్యాలో కూడా దాని మీదే రాసివ్వండి."

"నీ నోరు మాత్రం... అదుగో, కారు. ముందే వచ్చేశారు. గ్లౌజులు, గ్లౌజులు తొడుక్కోండి. ఆ బస్తాలు వరసగా ఉన్నాయా? తమకి నచ్చిన బస్తా ఒకటి తీయించి, మూతి విప్పించి, అందరి ముందూ నేల మీద కుమ్మరించి చూస్తారు. అది వాళ్ల రూలు. వీధుల్లో వాళ్లందర్నీ కూడా రమ్మని మైకులో చెప్పించాను. శుభ్రమైనవి ముందు వరసలో పెట్టావా లేదా?"

"ముందు వరసా వెనక వరసా తేడా లేదు మాస్టారూ. సోమవారం ఆ కాగితం చదివినప్పటి నుంచి మేం దేంట్లోనూ చెయ్యి పెట్టలేదు. మీ ఇళ్లవాళ్లు ఎలా ఇచ్చారో, నలభై ఆరు బస్తాలూ అలాగే ఉన్నాయి."