బురుల్ అక్కయ్య అడిగిన సంజాయిషీలు

1987 ఆగస్టు 25వ తేదీన, ఇరవై రెండేళ్ళ వయసులో, శ్రీమతి బురుల్ ఇసాయెవా గారు మన ఉజున్-బులాక్ పాఠశాలలో రసాయనశాస్త్ర ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి ముప్పై ఆరు విద్యాసంవత్సరాల పాటు ఒకే బడిలో, ఒకే ప్రయోగశాలలో, చాలావరకు ఒకే నల్లకోటులో విధులు నిర్వర్తించి, ఈ జూన్ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, ఈ సంచికకు నాలుగు మాటలు రాయమని సహోద్యోగులు నన్ను ఆదేశించారు. నేనే ఎందుకు గుర్తొచ్చానో నాకు తెలుసు. అక్కయ్యకు మన బడిలో అందరికంటే ఎక్కువ కాగితాలు రాసిచ్చిన భూగోళం మాస్టారిని నేనే.

గొర్రెల కాపరుల కుటుంబంలో జన్మించి, రాజధానిలో పట్టా పుచ్చుకుని, అక్కడే ఉద్యోగం దొరికే అవకాశం ఉన్నా కాదనుకుని మన లోయకు తిరిగివచ్చిన వారు, తొలి ఏడాదే పాఠశాలకు సరైన ప్రయోగశాల సాధించిపెట్టారు. దేశం పేరు, జెండా మారిన రోజుల్లో బొగ్గు బండి రావడం మానేస్తే, పిల్లల చేత తలా ఒక పిడక తెప్పించి, పొయ్యి తామే రాజేసి, చేతి తొడుగులతోనే సుద్దముక్క పట్టుకుని పాఠం చెప్పారు. ఆ రెండు చలికాలాల్లో చుట్టుపక్కల బళ్ళు మూతబడ్డాయి. మనది మూతబడలేదు. ఆ పిడకలు మోసిన పిల్లల్లో నేనొకణ్ణి.

2004లో ఉప ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి పొందిన నాటి నుండి మా కష్టాలు మొదలయ్యాయి. చెప్పకుండా తరగతికి వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. ఆకుపచ్చ అట్ట పుస్తకంలో ఏదో రాసుకునేవారు. గంట కొట్టగానే నవ్వకుండా ఒకే మాట అనేవారు: "సంజాయిషీ రాసివ్వు." పాఠం మూడు నిమిషాలు ముందు ముగిసినా సంజాయిషీ, హాజరుపట్టీలో కొట్టివేత ఉన్నా సంజాయిషీ. ఆవు ఈనిందని ఆలస్యంగా వచ్చిన రోజు నేను రాసిచ్చిన కాగితం మీద, "దూడ క్షేమమా?" అని రాసి, దాని కిందే "ఇకపై ముందుగా తెలుపవలెను" అని సంతకం చేసి తిప్పి పంపారు. పులుసులో ఉప్పెక్కువైన రోజు వారి భర్త, మన పశువైద్యులు కెనెష్ గారు కూడా సంజాయిషీ రాసిచ్చారని ఉపాధ్యాయుల గదిలో చెప్పుకునేవారు. కెనెష్ గారు ఈ సంగతిని నేటి వరకు ఖండించలేదు.

2020 మార్చిలో మహమ్మారి కారణంగా బడులు మూసివేశారు. పాఠాలు ఫోనులోకి వెళ్ళాయి. ఫోను సంకేతం అందక కొండెక్కి పాఠం పంపినవాళ్ళున్నారు. తెల్లవారింది మొదలు తల్లిదండ్రుల సందేశాలు, పై అధికారుల పట్టికలు, ఊళ్ళో ఎవరికి జ్వరమన్న పుకార్లు, అన్నీ ఆ చిన్న తెర మీదే వచ్చిపడేవి. అక్కయ్య ముప్పై ఒక్కమంది ఉపాధ్యాయులకూ ప్రతి ఉదయం స్వయంగా ఫోన్ చేసి క్షేమం అడిగేవారు. అందరం క్షేమమే అనేవాళ్ళం. మన దగ్గర అది మర్యాద. ఇంటికి నిప్పంటుకున్నా ముందు క్షేమమని చెప్పి, ఆ తర్వాతే మంట సంగతి ఎత్తుతాం. ఫోనులో ఆ తర్వాతి మాట వచ్చేలోపే ఫోన్ పెట్టేసేవాళ్ళం.

ఏప్రిల్‌లో ఒక ఉదయం ఒకటో తరగతి నూర్జాదా టీచరు "చాలా క్షేమం అక్కా" అని ఫోన్ పెట్టేసిన రెండు గంటలకే, ఊపిరాడక, చేతులు వణుకుతూ వంటగదిలో కూలబడిపోయింది. జ్వరం లేదు, రోగమూ లేదు. పన్నెండు రోజులుగా కంటి మీద కునుకు లేదని, పిల్లల వీడియోలు తెరవాలంటేనే గుండె దడ అని, డాక్టరు గారు అడిగి చెప్పించేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే అక్కయ్య అందరికీ ఒక ఉత్తర్వు పంపారు. ప్రతి శనివారం ప్రతి ఉపాధ్యాయుడూ ఆ వారం తాను చేయలేకపోయిన పని ఏమిటో, ఎందుకు చేయలేకపోయాడో కాగితం మీద సంజాయిషీ రాసి, సంతకం చేసి, బడి గేటుకు కొట్టిన పెట్టెలో వేయవలెను. పెట్టె తయారు చేసింది వడ్రంగం పాఠాలు చెప్పే బెక్‌తెమిర్ గారు. మొదటి కాగితమూ ఆయనదే: "పెట్టె కొంచెం వంకరగా వచ్చింది. కారణం, చెక్క తడిసి ఉండుట."

మేం మాత్రం మండిపడ్డాం. నేనే ఫోన్ చేసి అడిగాను.

"నిద్ర పట్టకపోయినా సంజాయిషీయేనా అక్కా? ఇదెక్కడి చోద్యం?"

"అంటే నీకు పట్టడం లేదన్నమాట. రాసెయ్."

"నేను మాటవరసకన్నాను."

"నేను వరసకు అనలేదు. శనివారం లోపు రాసెయ్."

చిత్రమేమిటంటే, క్షేమమా అంటే నిజం చెప్పని మేము, సంజాయిషీ అడిగితే నిజం రాశాం. పదహారేళ్ళుగా చేతికి అలవాటైన పని అది. నలభై మూడు మంది పిల్లల లెక్కలు దిద్దలేదని ఒకరు, కన్నకూతురి మీద ఊరికే అరిచానని ఒకరు, అత్తగారు తుమ్మితే పెరట్లోకి పారిపోయానని ఒకరు రాశారు. ప్రతి కాగితం మూలా అక్కయ్య ఎర్రసిరాతో తీర్పు రాసి పంపేవారు: "మన్నించడమైనది. వచ్చే వారం సగం పని చాలు." కొందరి తరగతులు తాము తీసుకున్నారు. ఇద్దరి భర్తలకు ఫోన్ చేసి, వంట నేర్చుకోమని గట్టిగానే చెప్పారు. నూర్జాదా చేత జిల్లా ఆసుపత్రి మనోవైద్యురాలితో వారం వారం ఫోనులో మాట్లాడించి, అది సిగ్గుపడే పని కాదని ఆ కుటుంబానికి తామే వెళ్ళి చెప్పారు. సెలవులు వచ్చాయి గానీ పెట్టెకు సెలవు రాలేదు.

జులైలో రోగం మన ఊరు చేరింది. బడి ఆటల గదిని పగటి చికిత్సాలయంగా మార్చారు. ఆరో తేదీన మన మగవాళ్ళు అక్కడికి మంచాలు మోశారు. పదహారో తేదీన బెక్‌తెమిర్ గారు ఆ రోగంతోనే కన్నుమూశారు. చావు ఇంటికి మగవాళ్ళం గొంతెత్తి ఏడుస్తూ వెళ్ళి, గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళను కౌగిలించుకోవడం మన పద్ధతి. ఆ రోజు నలుగురికి మించి ఎవరినీ రానివ్వలేదు. నేను నా ఇంట్లో కూర్చుండిపోయాను.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. జులై మూడున నేను దగ్గుతూనే బెక్‌తెమిర్ గారింటికి వెళ్ళి, రంపం బదులు తీసుకుని, ఆయన బలవంతం మీద కూర్చుని రెండు గిన్నెల టీ తాగి వచ్చాను. ఆయన పోయాక నాకు తిండి సహించలేదు, పాఠం పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఆయన చేసిన పెట్టెలోనే మూడు శనివారాలు "అంతా క్షేమం" అని రాసి, ఆ తర్వాత ఖాళీ కాగితాలే మడిచి వేశాను. సెప్టెంబరులో బడికి వెళ్ళకూడదని, ఉద్యోగం వదిలేయాలని నిశ్చయించుకున్నాను. ఆగస్టు చివర ఒక మధ్యాహ్నం అక్కయ్య మాస్కు కట్టుకుని మా గేటు బయట నిలబడ్డారు.

"నీ కాగితాలు ఖాళీగా వస్తున్నాయి."

"బాగానే ఉన్నానక్కా."

"బాగుంటే గడ్డమెందుకు పెరిగింది? ఊరంతా గడ్డి వాములు వేసేసింది, నీ గడ్డి చేలోనే ఎందుకు కుళ్ళుతోంది?"

"నేనిక బడికి రానక్కా. రాలేను."

"రాకు. ఎందుకు రావో రాసివ్వు, పోతాను."

మా ఆవు పాల బకెట్‌ను బోర్లించి, దాని మీద కూర్చున్నారు. నేను గేటుకు ఇవతల గట్టు మీద కూర్చుని రాశాను. దగ్గు, రంపం, టీ, తేదీ, అన్నీ రాశాను. కాగితం గేటు మీదుగా అందించాను. చదివారు. మడిచారు, మళ్ళీ విప్పారు.

"ఆ రోగం నువ్వు ఆయనకిచ్చావో, ఆయన నీకిచ్చాడో, ఇద్దరికీ వేరే ఎవరిచ్చారో నాకు తెలీదు మెదెర్. నీకూ తెలీదు. తెలియని తప్పుకి శిక్ష రాసే అధికారం నాకు లేదు. నీకూ లేదు."

"మరి నేనేం చెయ్యనక్కా?"

"ఏడవాల్సిన ఏడుపు ఏడవలేదు నువ్వు. లే. ముఖం కడుక్కో."

కాగితం మూల ఎర్రసిరాతో తీర్పు రాశారు: "బెక్‌తెమిర్ గారింటి గడ్డి కోసి, వాము వేయవలెను." ఆ సాయంత్రం వారు నాకు పది అడుగులు వెనకగా నడుస్తూ రాగా, నెలన్నర ఆలస్యంగా, ఆ ఇంటి వీధి మొదలు నుండీ గొంతెత్తి ఏడుస్తూ వెళ్ళాను. బెక్‌తెమిర్ గారి భార్య జిపార్ గారు గుమ్మంలోకి వచ్చారు. నేను చెప్పాల్సింది ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆమె ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అన్న మాట ఇది:

"రంపం ఇవ్వడానికైనా వస్తావనుకున్నాను తమ్ముడూ. రేపు తీసుకురా. గేటు పడిపోయింది, బాగుచెయ్యాలి."

గేటు బాగుచేశాను. గడ్డి కోశాను. సెప్టెంబరు ఒకటిన పాఠం చెప్పాను.

ఆ శరత్కాలంలో, పదహారేళ్ళలో మొదటిసారి, బడి కాలపట్టిక రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది. దొరికింది అవకాశమని నేను ఒక కాగితం రాసి పెట్టెలో వేశాను: "ఉప ప్రధానోపాధ్యాయురాలు గారికి. కాలపట్టిక ఆలస్యమునకు కారణం తెలుపగలరు." నవ్వుతారనుకున్నాను. సోమవారం ఉపాధ్యాయుల గదిలో వారు నా చేతికి మడత కాగితం ఇచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అందులో ఇలా ఉంది:

"జులై ఆరున మంచాలు మోసేవారి జాబితా నేను రాశాను. మొదటి పేరు బెక్‌తెమిర్‌ది. బలమున్నవాడని రాశాను. అప్పటి నుండి ఎవరి పేరైనా జాబితాలో రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. ఆలస్యమునకు కారణం ఇదే."

ముప్పై ఒక్కమంది కాగితాలు చదివిన మనిషిని, నువ్వెలా ఉన్నావని మాలో ఒక్కరమూ అడగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు గేటు బయట ఆ కాగితం మడిచి విప్పినప్పుడు వారు చదువుకున్నది నా ఒక్కడి సంగతే కాదని అప్పుడు అర్థమైంది. ఎర్రసిరా కలం వారి బల్ల మీదే ఉంది. తీసుకుని, కాగితం మూల వారి మాటే వారికి రాసిచ్చాను: "తెలియని తప్పుకి శిక్ష రాసే అధికారం మీకూ లేదు."

ఆ గురువారం, పోయినవారి పేర నూనెలో రొట్టెలు వేయించే వేళకు, ఇద్దరం జిపార్ గారింటికి వెళ్ళాం. జాబితా సంగతి అక్కయ్య నిలబడే చెప్పారు. జిపార్ గారు విన్నారు.

"ఆ జాబితాలో ఆయన పేరు లేకపోతే మీ ఇంటి మీదికి పోట్లాటకొచ్చేవాడు, తెలుసా అక్కా? నుంచోకు. పిండి కలుపు."

అక్కయ్య చేతులు కడుక్కుని పిండి కలిపారు. మర్నాడు కాలపట్టిక గోడ మీద ఉంది.

ఈ సంగతి అచ్చు వేయవచ్చా అని అనుమతి అడిగితే, "వెయ్యి. ముప్పై ఆరేళ్ళూ మంచిదాన్నని రాస్తే ఎవడు చదువుతాడు?" అన్నారు. ఆ ఏడాది ముగిసేనాటికి మన ముప్పై ఒక్కమందిలో బెక్‌తెమిర్ గారు తప్ప ముప్పై మందిమీ బడిలోనే ఉన్నాము. ఆ ఘనత వారిదే. అక్కయ్యా, మీ మీద మాకున్న ప్రేమను మీకు భయపడి ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాం.

శ్రీమతి బురుల్ ఇసాయెవా గారు పరిపూర్ణ ఆరోగ్యంతో, కంటి నిండా నిద్రతో, కెనెష్ గారి సాహచర్యంలో, మనవల సందడిలో నిండు నూరేళ్ళు జీవించాలని పాఠశాల పక్షాన ఆకాంక్షిస్తున్నాము. అయితే ఒక షరతు. పెట్టె ఇంకా గేటుకే ఉంది, ఇంకా కొంచెం వంకరగానే ఉంది. ఇకపై ప్రతి శనివారం తాము ఎలా ఉన్నదీ కాగితం మీద రాసి, సంతకం చేసి, అందులో వేయవలెను. "క్షేమం" అన్న ఒక్క మాట చెల్లదు. కాగితం రాని వారం, మీ గేటు బయట బకెట్ బోర్లించుకుని నేను కూర్చుని ఉంటాను.