వాళ్ళింటి వోల్టేజీ

అక్కాచెల్లెళ్ళది రిపేరు కొట్టు. అక్క రెండుసార్లు కాయిల్ మార్చినా ఒకరింటి హీటర్‌తో నీళ్ళు సరిగా కాగలేదు. "ఈసారి మీ చెల్లెల్ని పంపండి" అన్నాడు ఆ ఇంటాయన. ఆ మాట అక్క గుండెల్లో ములుకులా దిగింది. చెల్లెలు మీటరు పట్టుకెళ్ళి, సాయంత్రానికి కొట్టుకి తిరిగొచ్చింది.

"ఏం కనిపెట్టారో మేడంగారు?"

"రెండొందల ముప్ఫై రావాల్సింది, వాళ్ళింట్లో రెండొందల వోల్టులే వస్తున్నాయక్కా. హీటర్ నాలుగు ఆంపియర్లు లాగుతోంది. భాగిస్తే యాభై ఓమ్‌లు, ఉండాల్సినంతే. నువ్వేసిన కాయిల్ సరైనదే."

"మరి ఏం రోగం దానికి?"

"గుణించి చూడు. ఎనిమిదొందల వాట్లే. వెయ్యి వాట్ల హీటర్‌కి అదేం చాలుతుంది?"

"ఆ లెక్క నాకూ వచ్చు. వోల్టేజీ అందరిళ్ళలోలాగే ఉంటుందనుకున్నా, అంతే."

"పోనీలే అక్కా, నువ్వే కనిపెట్టావని ఆయనకి చెబుతాను."

"అక్కర్లేదు. తెలివైనదన్న పేరు ఎలాగూ కొట్టేశావు. మంచిదన్న పేరు కూడా నీకే కావాలా?"