స్ప్రింగు ఉయ్యాల

1926 వానాకాలం. మూడు నెలల ఘాట్ రోడ్డు పని నుంచి డుంబ్రిగుడ దగ్గరి తన గూడేనికి వచ్చిన మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. పాడైన తూకం కాటా నుంచి తీసిన స్ప్రింగుకు పసివాడి కోసం అతను కట్టిన గుడ్డ ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంది.

"గుంటడేడే?" అని పెళ్లాన్ని అడిగాడు.

"జొరమొచ్చి పోనాడు. ఎనిమిది రోజులైంది."

"నాకు కబురెట్టలేదేటి?"

"జొరం తగ్గతందనుకున్నాను. నువ్వున్నప్పుడు లాగి వదిలితే ఉయ్యాల నిదానంగా కిందికీ మీదికీ ఊగీది. జొరమొచ్చాక రోజురోజుకీ బేగి బేగి ఊగింది. సిక్కిపోయినా ఓపికొచ్చి, ఆడే కాళ్లాడిస్తన్నాడనుకున్నాను."

"బరువు తగ్గితే స్ప్రింగు అలాగే తొందరపడతాదే. సంతలో కాటా కాడ వారం వారం సూసీవాణ్ణి."

"మరి నాకు సెప్పలేదేటి?"

"నేనెల్లీటప్పుడు బొద్దుగా ఉన్నాడు గదే. పెరిగి బరువెక్కీకొద్దీ ఉయ్యాల ఇంకా నిదానమవుతాదనే అనుకున్నాను."