అల్లుడికి చెంబెడు చాలు

ఏంటయ్యా ఆ కవర్లో? మొక్కా! మిఠాయి పొట్లం అనుకుని ఆశపడ్డాను. రా, ఇలా వచ్చి కూర్చో. లోపల ఇప్పట్లో నిన్నెవరూ పట్టించుకోరు. మీ ఆవిడ వాళ్ళమ్మమ్మ దగ్గర చేరిందంటే ఇక మన కాఫీలకి దిక్కుండదు. గులాబీయా? ఏ రంగన్నాడు అమ్మినవాడు? ఎరుపా! ఆహా. ఏం లేదులే, నవ్వొచ్చింది. నాకూ ఎరుపనే అమ్మారు. కొత్తల్లుడు గులాబీ మొక్క పట్టుకుని ఈ గుమ్మం ఎక్కడం నీతో మొదలవలేదు బాబూ. మా అత్తగారి సంగతి నీకెవరూ చెప్పలేదా? మీ ఆవిడకేం తెలుసులే, అది పుట్టేనాటికే ఆవిడ లేదు. కూర్చో, చెప్తాను. కవరు ఒళ్ళో పెట్టుకున్నావేంటి, కింద పెట్టు, పారిపోదు.

ఆ వెనకాల, ఇప్పుడు మీ అమ్మమ్మ బట్టలారేస్తుందే, ఆ పెరడంతా ఆవిడ రాజ్యం. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో వాళ్ళందరికీ జాకెట్లూ గౌన్లూ కుట్టేది. మెళ్ళో కొలతల టేపు, దానికి వేలాడుతూ కత్తెర. ఒక చెయ్యి కుట్టడం, లేచి వెళ్ళి ఒక ఎండాకు తుంచి రావడం, మళ్ళీ ఇంకో చెయ్యి. ఎవరి జాకెట్లోనో మల్లెమొగ్గ పెట్టి కుట్టేసిందని కూడా ఒక కథ ఉంది, అది తర్వాత. కుండీలంటావా, కొన్న కుండీ ఒక్కటీ లేదు. పగిలిన బకెట్లు, రంగు డబ్బాలు, చెవి ఊడిన గంగాళం. మా మామగారు ఒకరోజు ఎడంకాలి బూటు కనబడక ఇల్లంతా వెతుకుతుంటే, అది పెరటిగోడకి వేలాడుతోంది, అందులో పుదీనా. "కుడిది కూడా ఇచ్చేయండి, జతగా ఉంటుంది" అందిట. ఆయనేమన్నారో తెలీదు. అసలు ఆయనకి వినబడిందో లేదో. నేతమిల్లులో పనిచేసి చేసి ఆయన చెవులు రెండూ పోయాయి. అందుకే ఆవిడ ఆయనతో ఏం మాట్లాడినా అరిచి మాట్లాడేది. ఇది గుర్తుపెట్టుకో, దీని వల్లే నా కొంప మునిగింది.

ఇంకో సంగతి. ఏ మొక్క ఎవరిస్తే ఆ మొక్కని వాళ్ళ వరసతోనే పిలిచేది. పేర్లు లేవు, గీర్లు లేవు. మల్లెతీగ ఇచ్చింది వాళ్ళ ఆడపడుచు, కాబట్టి అది ఆడపడుచు. చామంతి పాలవాడు. నిమ్మచెట్టు పంతులమ్మ. "పంతులమ్మ దగ్గర జాగ్రత్త, గీరేస్తుంది." "ఆడపడుచుకి నిలబడ్డానికి ఒక కర్ర పాతండి, ఎవరో ఒకరి మీద పడుతోంది." "డాక్టరుగారి తల కత్తిరించేశాను, ఇక చూడండి పిలకలు ఎలా వేస్తాడో." ఇదీ వరస. మా తోడల్లుడు, అంటే ఈ ఇంటి పెద్దల్లుడు, ఒక మందార కొమ్మ తెచ్చాడు, అది పెద్దల్లుడు. నేను గులాబీ తెచ్చాను కదా, అది అల్లుడు. ఇంట్లో అందరికీ ఇది ఎంత అలవాటంటే, కొత్తవాడికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. నేనా, మేడమీద ఒంటిగది అద్దెల్లో పెరిగినవాణ్ణి. తులసిమొక్క కూడా పెంచిన మొహం కాదు.

ఇక్కడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. గది చూసుకుంటానంటే మామగారు ఒప్పుకోలేదు, ఇంత ఇల్లుండగా ఎందుకన్నారు. సరేనన్నాను గానీ, లోపల ఒకటే బెరుకు. అన్నం రెండోసారి వడ్డిస్తే వద్దనేవాణ్ణి, ఆకలున్నా సరే. తలుపు చప్పుడు కాకుండా వేసేవాణ్ణి. ప్రెస్సులో మేస్త్రీ ఒకడు, "ఏమోయ్ అత్తారింటి అల్లుడూ, ఒళ్ళు చేస్తున్నావే" అనేవాడు, అది పట్టుకుని మర్నాడు టిఫిను మానేసేవాణ్ణి. అత్తగారేమో నాతో ముఖాముఖి మాట్లాడేది కాదు, మనిషి బిడియస్తురాలు. తలుపు పక్కన నిలబడి, "అల్లుడుగారికి ఇంకాస్త పెరుగేమైనా కావాలేమో" అని గోడకి చెప్పేది. మీ అమ్మమ్మ అప్పుడు టెలిఫోన్ ఆఫీసులో పొద్దుటి డ్యూటీ, నేను లేచేసరికే వెళ్ళిపోయేది.

ఒకరోజు స్నానం చేస్తున్నాను. బాత్రూము కిటికీ పెరట్లోకే. మామగారు పాపం రోజూ నాకు బకెట్టు నిండా నీళ్ళు తోడిపెట్టేవారు. ఒళ్ళంతా సబ్బు రాసుకున్నాను. బయట్నించి ఆవిడ గొంతు: "అల్లుడికి అన్ని నీళ్ళెందుకండీ? బకెట్టు బకెట్టు పోస్తారేంటి? వాడికి రోజుకి చెంబెడు చాలు!" చెంబు నా చేతిలోనే ఆగిపోయింది. అన్ని నీళ్ళు అన్నందుకు కాదయ్యా. ముఖం ముందు అల్లుడుగారు, వెనకాల వాడు! ఆ మాట గుచ్చుకుంది. ఆ పూట చెంబెడు నీళ్ళతోనే కడుక్కుని బయటపడ్డాను. ఆ రోజు నుంచీ రోజూ అంతే. మిగతా బకెట్టు అలాగే వదిలేసేవాణ్ణి, వాళ్ళకి తెలియాలని. ప్రెస్సులో మేస్త్రీ నా చెవి దగ్గరికొచ్చి, "నురగేంటయ్యా ఇది?" అన్నాడు. ఒళ్ళంతా దురద. కామాలు దిద్దుతూ గోక్కోవడం, గోక్కుంటూ దిద్దడం.

ఇంకో రోజు, "పెద్దల్లుణ్ణి చూడండి, ఎంత గుబురుగా ఉన్నాడో! వీడేమో వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే. ఎదుగూ లేదు, బొదుగూ లేదు." మా తోడల్లుడికి అప్పుడే ఉద్యోగంలో పైమెట్టు దక్కింది. ఎదుగూ బొదుగూ అర్థమైంది. కానీ గుబురేంటి? ఆయన తలమీద వెంట్రుక లేదే! రాత్రంతా ఆలోచించి, మీసం గురించి అయ్యుంటుందని తేల్చాను. నేనూ పెంచాను. ఏం పెంచడం, అటు నాలుగూ ఇటు మూడూ. మీ అమ్మమ్మ చూసి, "మూతి కడుక్కో, మసి అంటింది" అంది.

నువ్వు లోపలే ఉండవోయ్, నేను చెప్తున్నాగా! మీ అమ్మమ్మే. మసి అనలేదుట, సిరా అందిట. సరే, సిరా. ఏదైతేనేం, తీసేశాను.

నువ్వడిగేది నాకు తెలుసు. పెళ్ళాన్ని అడగొచ్చుగా అని. ఎలా అడుగుతానయ్యా? కొత్తగా పెళ్ళయినవాడు, వాళ్ళింట్లో తింటూ, "మీ అమ్మ నన్నిలా అంటోంది" అంటాడా? నువ్వంటావా? చూశావా, నవ్వుతున్నావు.

అసలు దెబ్బ తర్వాత పడింది. ఆ రోజు ఆవిడ గొంతు కోపంగా కూడా లేదు, దిగులుగా ఉంది. అదే ఎక్కువ భయం వేసింది. "లాభం లేదండీ. వాడి వేళ్ళు చూశాను. నల్లగా అయిపోయాయి. వేళ్ళు అలా ఉన్నవాడు నిలబడడు." నేను నా చేతులు చూసుకున్నాను. తడి ప్రూఫులు పట్టుకునేవాణ్ణి కదా, సిరా గోళ్ళలోకి దిగి పదివేళ్ళూ బొగ్గుల్లా ఉన్నాయి. మామగారు ఏదో గొణిగారు. ఆవిడ మళ్ళీ అరిచింది: "అమ్మాయి బాధపడుతుందనే నేనూ ఇన్నాళ్ళూ ఆగాను. ఆదివారం దాకా చూసి తీసేద్దాం. ఇంకొకణ్ణి తెద్దాం, మంచి వేళ్ళున్నవాణ్ణి చూసి."

ఇంకొకణ్ణి! పెళ్ళాం పోతుందిరా దేవుడా అనుకున్నాను. ఆ వారమంతా వేళ్ళు తోమడమే. నిమ్మచెక్క, ఇటుకపొడి, చివరికి కిరసనాయిలు. భోజనానికి కూర్చుంటే అత్తగారు ముక్కెగబీల్చి, "వంటింట్లో కిరసనాయిలు ఒలికిందా?" అని కంగారుపడింది. నల్లదనం పోలేదు. శనివారం సాయంత్రం సైకిలు షాపు పైన ఒక గది చూసి మాట్లాడుకున్నాను. తోసేదాకా ఉండటమెందుకు, మర్యాదగా మనమే వెళ్ళిపోదామని. పెట్టె సర్దాను. ఏం చెప్పాలో కూడా బట్టీపట్టాను.

ఆదివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళాను. అదే మొదటిసారి నేను అక్కడికి వెళ్ళడం, నిజం. ఆవిడ గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో కత్తెర. నన్ను చూడగానే చటుక్కున ఏదో వెనక్కి దాచేసింది. "అయ్యో, అల్లుడుగారూ, మీకు తెలియకుండా చేద్దామనుకున్నాం" అంది. నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే! నేను అందుకున్నాను. "నాకంతా తెలుసండీ. మీకు బరువుగా ఉండటం నాకూ ఇష్టం లేదు. గది చూసుకున్నాను. మీ అమ్మాయి వస్తే వస్తుంది, లేదంటే ఆవిడ ఇష్టం. నీళ్ళు మాత్రం నేను చెంబెడే వాడుతున్నాను, మీరే చూసుకోండి. ఇక ఈ వేళ్ళంటారా," అని పదివేళ్ళూ ఆవిడ ముందు చాపాను, "ఇది ప్రెస్సు సిరా అండీ. తోమితే పోదు. అంతేగానీ నాకే చెడు అలవాటూ లేదు."

ఆవిడ నా వేళ్ళు చూసింది. నా మొహం చూసింది. నెమ్మదిగా వెనకాల దాచింది ముందుకు తెచ్చింది. నా గులాబీ. మట్టిలోంచి పీకిన మొక్క, కింద నల్లగా కుళ్ళిన వేళ్ళు. దాన్నీ, నా చేతుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. చూసి, "అల్లుడు..." అని ఆ మొక్కని చూపించి, అలాగే బురదలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఏం నవ్వయ్యా అది! చేతిలో కత్తెర గలగలమంటోంది, కళ్ళవెంట నీళ్ళు. వినబడని మామగారు కూడా బయటికొచ్చారు. "ఏమైంది? ఏమైంది?" అంటే, ఆవిడ ఊపిరి తీసుకుని అరిచింది: "అల్లుడుగారు చెంబెడు నీళ్ళే పోసుకుంటున్నారుటండీ!" వీధి మొత్తం వినే ఉంటుంది. ఆయన తాపీగా, "ఆయనకెందుకూ, మొక్కకి కదా చెప్పావు" అన్నారు.

తర్వాత కళ్ళు తుడుచుకుని, కత్తెర నా చేతికిచ్చింది. "మీరే కత్తిరించండి. తెల్లవేరు కనబడేదాకా." ఎక్కడ వెయ్యాలో తెలియక కత్తెర తెరిచి పట్టుకున్నాను. "భయపడకండి, నల్లదంతా తీసేస్తే బతుకుతాడు" అంది. తీశాను. చివరికి నూలుపోగంత తెల్లవేరు ఒకటి మిగిలింది. ఇసక కలిపిన మట్టిలో పెట్టి, పైకొమ్మలు కూడా తుంచి, నీడలో ఉంచాం. ఆ రంగు డబ్బా ఇప్పటికీ ఉంది, తుప్పుపట్టి. పెట్టె విప్పలేదు నేను. గది వద్దనీ చెప్పలేదు. ఎందుకో, ఆ మొక్క సంగతి తేలాక చూద్దామనిపించింది. పిచ్చి కాకపోతే ఏంటి? కానీ రోజూ తెల్లారకుండానే లేచి అక్కడికే వెళ్ళేవాణ్ణి. కొమ్మ ఎండిన పుల్లలాగే ఉండేది. ఆవిడ పక్కన నిలబడి, "తొందరపెట్టకండి, లోపల పని జరుగుతూ ఉంటుంది" అనేది. ఒక పొద్దున, కణుపు దగ్గర, చిలకముక్కంత ఎర్రటి చిగురు. ఎంతని చెప్పను! ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నేనలా అరవలేదు. మీ అమ్మమ్మ డ్యూటీకి వెళ్ళేది కాస్తా, ఎవరికేమైందోనని వెనక్కి పరిగెత్తుకొచ్చింది. ఆ పూటే పెట్టె విప్పాను.

అప్పట్నించీ నేనూ ఆ పెరటి పిచ్చివాణ్ణే అయ్యాను. ప్రెస్సులో రోజంతా ఎవరివో తప్పులు వెతకడం. ఇక్కడ వెతికితే మొగ్గలు దొరికేవి. మొదటి చెంబు నీళ్ళకి మట్టి లేపే వాసన ఉంటుంది చూడు, దాని కోసమే లేచేవాణ్ణి. సాయంత్రం రాగానే ఇద్దరం కలిసి తిరిగేవాళ్ళం, రోగుల్ని చూసే డాక్టర్లలాగా. పాలవాడికి పురుగు పట్టింది, పంతులమ్మ కాయలు రాల్చేసింది. గోడకి మాట్లాడే మనిషి, మొక్కల మధ్య నిలబడితే నాతో ఎంత మాట్లాడేదో! చివరికి నా గులాబీ మొగ్గ తొడిగింది. ఎరుపు కోసం అందరం కాచుకుని కూర్చున్నాం. విచ్చుకుంటే, తెల్లటి తెలుపు! ఆవిడ నావైపు చూసి, "అల్లుడు తెల్లబోయాడు" అంది. అయినా మెల్లగా ఆ పువ్వు తుంచి మిషను మీద గ్లాసులో పెట్టుకుంది. కుట్టించుకోడానికి వచ్చిన ప్రతి ఆవిడకీ, "మా అల్లుడు పూశాడు" అని చూపించింది.

నువ్వు తెచ్చింది కూడా ఏ రంగు పూస్తుందో ఏమో. ఏది పూసినా మంచిదేలే.

చివర్లో, ఆవిడ మంచాన పడ్డప్పుడు, మంచం ఆ పెరటి కిటికీ దగ్గర వేశాం. చూపు సరిగ్గా ఆనేది కాదు. మనుషుల్ని కూడా ఒక్కోసారి కలిపేసేది. ఒక మధ్యాహ్నం నేను పక్కనే కూర్చుని ఉన్నాను. కళ్ళు తెరిచి, "అల్లుడికి నీళ్ళిచ్చారా?" అంది. ఎవర్ని అడిగిందో, ఏ అల్లుడి గురించి అడిగిందో తెలీలేదు. నేనూ అడగలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగాను. పెరట్లోకి వెళ్ళి గులాబీకో చెంబు పోశాను. వచ్చి, "ఇచ్చామండీ" అన్నాను. ఆవిడ తలూపింది. కాసేపుండి, "ఎక్కువ పొయ్యకండేం" అంది. "కుళ్ళిపోతాడు."

...

ఆ కవరు విప్పవయ్యా ముందు. పాపం, ఊపిరాడక చస్తున్నాడు.