తేలిక గొలుసుల వెంట ముప్పై ఎనిమిదేళ్ళు

1987 ఫిబ్రవరి 16, సోమవారం ఉదయం, అడిలైడ్‌లోని మా పరిశోధనాలయంలో గాజుపాత్రలు కడిగే సహాయకురాలిగా శ్రీమతి రోవెనా ట్రెంబాత్ గారు ఉద్యోగంలో చేరారు. మొదటి వారంలోనే "ఈ సీసా అడుగున తెల్లటి జిగురేమిటి?" అని శాస్త్రవేత్తలను నిలదీశారట. అడిగిన పాపానికి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టారు. ఆ జిగురే వారి జీవితధ్యేయమైంది.

రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలలో (యాంటీబాడీలలో) బరువు గొలుసులు, తేలిక గొలుసులు అనే రెండు రకాల ప్రోటీన్లు జతకూడి ఉంటాయి. కొందరి దేహాలలో తేలిక గొలుసులు అపరిమితంగా పుట్టి, మడత తప్పి, గుండెలో మేటవేస్తాయి; ఆ సీసా అడుగున పేరుకున్నవీ అవే. వాటిని నిరోధించే రసాయనం ఉండదా అన్న జిజ్ఞాసతో రోవెనా గారు సాయంకాలపు తరగతుల్లో పట్టభద్రులై, 1999లో డాక్టరేటు సాధించి, 2004లో మా విభాగానికి నాయకత్వం స్వీకరించారు.

2011లో వేలాది రసాయనాలను పరీక్షించగా ఒకటి అద్భుతంగా పనిచేసింది. దానిని కనుగొన్నది నేనే. పత్రిక కోసం వ్యాసం సిద్ధమైంది. మాకు రక్తనమూనాలిస్తున్న రోగి, మాజీ బస్సు డ్రైవరు డెస్మండ్ కీలీ గారికి శుభవార్త కూడా చేరింది. రోవెనా గారు మాత్రం ఆ పరీక్షలో చుక్క డిటర్జెంటు కలిపి చూశారు. ఫలితం మాయమైంది.

"శుక్రవారం వ్యాసం పంపాలి రోవెనా! ఇప్పుడీ సబ్బునీళ్ళ గోలేంటి?" అని అప్పటి సంచాలకులు గ్రాహం విసుక్కున్నారు.

"కోడిగుడ్డు తెల్లసొనని కూడా పట్టేస్తోంది గ్రాహం. దొంగని పట్టమంటే వీధి వీధంతా పట్టుకొచ్చే పోలీసుని నువ్వు నమ్ముతావా?"

నా రసాయనం తనలో తాను ముద్దకట్టి, దొరికిన ప్రతి ప్రోటీనునూ అంటించుకుంటోందని, డిటర్జెంటు ఆ ముద్దను విడగొట్టగానే దాని పట్టు పోతోందని తేలింది. వ్యాసం ఆగిపోయింది. రెండు వారాలు ఆవిడతో నేను మాట్లాడలేదు. అయినా డెస్మండ్ గారికి నిజం చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు.

"అయితే అది మందు కాదన్నమాట," అన్నారాయన.

"కాదు డెస్. తొందరపడి ఆశపెట్టాం. తప్పు మాదే."

ఆయన చొక్కా చేయి పైకి మడిచారు. "నా బస్సు మాత్రం ఏనాడు టైముకొచ్చిందిలే! జనం తిట్టుకుంటూనే ఆగేవాళ్ళు. ఊఁ, ఈసారి ఎన్ని సీసాలు కావాలి?"

తిరుగుదారిలో నేనే ముందు నోరు విప్పాను. "రేపట్నుంచి మళ్ళీ మొదలెడదామా?" అని.

పద్నాలుగు నెలల తరువాత, బలహీనమని మేమంతా కొట్టివేసిన ఒక రసాయనం డెస్మండ్ గారి రక్తంలోని తేలిక గొలుసులను మాత్రమే, సున్నితంగా పట్టి నిలిపింది. నేడది రోగులపై తొలి పరీక్షల దశకు చేరుకుంది. అంతకుముందే కన్నుమూసిన డెస్మండ్ గారు ఆ రోజు చూడలేకపోయారు. ఆ పరీక్షల అనుమతిపత్రం అందిన నాడు రోవెనా గారు మొదట ఫోను చేసింది డెస్మండ్ గారి కుమార్తెకు.

ఈ నెల పదవీ విరమణ చేస్తున్న రోవెనా గారిని, ఇకపై ఏం చేస్తారని మొన్న అడిగాను. "మా పెరట్లో నిమ్మచెట్టుకి ఒక్క కొమ్మే కాస్తోంది నీల్. ఎందుకో చూడాలి," అన్నారు. ఆ సంగతి తేలడానికి ఎన్నేళ్ళు పట్టినా అన్నేళ్ళూ, అది తేలాక పుట్టే మరో సందేహానికి మరిన్నేళ్ళూ, భర్త క్లైవ్ గారితో కలిసి వారు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష.

— నీల్ హార్టిగన్, సహ పరిశోధకుడు